హొలగేరు

మా ఆయనకు కన్నడం వచ్చు. ఈ మాట నేను చెప్పేది కాదు, ఆయనే ఊరంతా చెప్పుకునేవాడు. వాళ్ళది అమరాపురం పక్కన పల్లె. చేనిగట్టు మీద నిలబడి తుమ్మితే మైసూరు సీమలో వినబడుతుంది. వాళ్ళ సంతలో ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం. దుడ్లు అనేది ఏ భాష మాటో అడిగితే వాళ్ళకే తెలియదు. నేనేమో ధర్మవరంలో పుట్టి పెనుకొండలో పెరిగినదాన్ని. మా నాయన రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. ఎనిమిదో తరగతి దాకా పెనుకొండ బడిలో చదివాను. తెలుగు తప్ప మరో భాష ముక్క నాకు రాదు. మా ఆయన మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. పెండ్లికి ముందు మామా అని పిలిచేదాన్ని, పెండ్లయినాక కూడా అదే పిలుపు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి కాబట్టి భయభక్తులు నాకు కొంచెం తక్కువే.

"సంతలో బేరమాడే కన్నడం కూడా కన్నడమేనా మామా?" అని వెక్కిరించేదాన్ని.

"నవ్వుతావు గానీ, రెండు భాషలొస్తే రెండు దిక్కుల కూడు దొరుకుతాది" అనేవాడు.

ఆ రెండో దిక్కు కూటికే మేము మైసూరు సీమ పడమటి కొండల్లోని మలెనాడు పోవలసి వచ్చింది. అది యాభైల నడుమ. ఆ ఏడు చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చెట్టు పీకి చూస్తే వేరుకు మట్టి తప్ప కాయ లేదు. ఉన్న గొర్రెల్ని ముదిగుబ్బ దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ మందలో కలిపాము. అప్పుడే మడకశిర వైపు నుంచి ఒక మేస్త్రి వచ్చి మనుషులు కావాలన్నాడు. ఘాట్ల మీది అడవిలో చెట్లు కొట్టే పని. మగవాడు గొడ్డలి, రంపం పట్టాలి. ఆడది పడిన మానుకు బెరడు ఒలవాలి. తిండి మేస్త్రిది. మా ఆయన ముందటేడు రెండు నెలలు ఒక్కడే పోయి వచ్చి ఉన్నాడు. ఈసారి నేనూ బయల్దేరాను. రంపానికి అటు కొస పట్టే జోడీ కూడా మాతో వచ్చాడు. ఆయనది అదే పల్లె, మా ఆయన ఈడే.

హిందూపురం స్టేషనుకు మా నాయన పెనుకొండ నుంచి వచ్చాడు. ఒక సంచిలో రాగిపిండి, ఇంత ఎర్రకారం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు రైలు కదిలేదాకా పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"వానలు పడకముందే వచ్చేయండబ్బా" అన్నాడు చివరికి.

వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు నొప్పి పెట్టిన మాకు ఆ మాట నవ్వు తెప్పించింది.

బెంగళూరులో రైలు మారి, శివమొగ్గలో దిగి, అక్కడి నుంచి లారీలో ఒక పగలంతా పోయాము. సాయంత్రానికి రోడ్డుకు రెండు పక్కలా చెట్లు దగ్గరికి జరిగాయి. ఇంకాసేపటికి ఆకాశం పోయింది. లారీ దిగి నిలబడితే కాలికింద నేల మెత్తగా దిగబడింది. ఎన్ని ఏళ్ళ ఆకులు కుళ్ళి ఆ మెత్తదనం వచ్చిందో.

అడవి అంటే నాకు తెలిసింది పెనుకొండ కొండ. తంగేడు, బలుసు, సీతాఫలం, వాటి మధ్య బండలు. మేక తప్పిపోతే బండెక్కి చూస్తే ఎక్కడుందో కనబడుతుంది. ఎండాకాలానికి ఆకు రాలి కొండ బోడిదవుతుంది. అదీ అడవే, ఇదీ అడవే అంటే నేను ఒప్పుకోను. ఇక్కడి చెట్లకు ఆకు రాల్చే కాలమంటూ లేదు. ఒకటి రాలుతుంటే పది పుడుతూ ఉంటాయి. మాను మొదట్లో వేర్లు గోడల్లాగా లేచి నిలబడి ఉంటాయి, రెండు వేర్ల సందున బర్రెను కట్టేయవచ్చు. తల వెనక్కి వాల్చి చూసినా కొన కనబడదు. ఒక చెట్టు కింద ఇంకో చెట్టు, దాని కింద మరో చెట్టు, వాటన్నిటినీ కలిపి కట్టేసినట్టు తీగలు, బెత్తాలు. మిట్టమధ్యాహ్నం కూడా నేల మీద పావలాకాసంత వెలుగు పడితే గొప్ప. కీచురాళ్ళు పగలే కూస్తాయి. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఆగినప్పుడే నాకు ఎక్కువ భయం వేసేది. పొడుగు ముక్కు పిట్టలు నెత్తి మీదుగా ఎగిరితే వాటి రెక్కల చప్పుడు ఇంజను ఆవిరి వదిలినట్టు వినబడేది. రైల్వే వాళ్ళ పిల్లను కాబట్టి మొదటిరోజు నిజంగానే రైలనుకున్నాను.

అది వాన లేని కాలమే. అయినా తెల్లవారేసరికి ఆకులన్నీ కారుతూ ఉండేవి. ఉతికిన చీర మూడు రోజులకు కూడా ఆరదు. ఉప్పు సంచిలో నీరు, గొడ్డలి కామ మీద బూజు. మా ఆయనకు మాత్రం అది స్వర్గం. "ఇంత నీళ్ళు మనకుంటేనా!" అని వాగు గట్టున కూర్చుని కాళ్ళు ఆడించేవాడు. నీళ్ళు లేని భయం నేను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. నీళ్ళు మరీ ఎక్కువైన చోట ఇంకో రకం భయం ఉంటుందని అక్కడే తెలిసింది. చచ్చినది ఏదీ అక్కడ ఎండదు, కుళ్ళిపోతుంది. కుళ్ళిన దాని మీద తెల్లారేసరికి ఇంకేదో మొలుస్తుంది.

ఆకు కప్పిన గుడిసెలు ఆరు వేసుకున్నాము. ఆడవాళ్ళం ముగ్గురం ఉండాల్సింది, రెండో నెలకే ఇద్దరమయ్యాము. మూడో ఆమె వాగు దగ్గర దయ్యాన్ని చూశానని ఏడ్చింది. మేస్త్రి ఆమెను, ఆమె మొగుణ్ణి లారీ ఎక్కించి పంపేశాడు. "ఇట్లాంటి మాటలు ఇంకోరి నోట వస్తే వాళ్ళకూ ఇదే లారీ" అన్నాడు మా అందరితో. ఇంటి దగ్గర గింజ లేదు. మేమందరం నోళ్ళు మూసుకున్నాము.

వాగు అవతల ఆ అడవిలోనే పుట్టి పెరిగిన మనుషులు కొందరు ఉండేవాళ్ళు, వాళ్ళలో ఒక ముసలామె మా గుడిసెల దగ్గరికి వస్తూ ఉండేది. జ్వరానికి ఆకులు, తేనె తెచ్చి ఇచ్చి ఉప్పు, కారం పట్టుకుపోయేది. అందరూ అజ్జి అనేవాళ్ళు. కన్నడంలో అవ్వ అని అర్థమట. నాకు వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. చెట్టును మర అంటారని ఇంకొకటి. మన దగ్గర మర అంటే పిండి ఆడించేది కదా, మొదట్లో మేస్త్రి "మర కడి" అంటే మరను ఎందుకు కొట్టాలి అని నేను బిత్తరపోయాను. మా ఆయన అది చెప్పి చెప్పి పదిమందిలో నన్ను నవ్వులపాలు చేశాడు. దాంతో నాకు రోషం వచ్చి, తెలియని మాట వినబడినా అర్థం అడగడం మానేశాను. ఆ రోషం ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

ఉగాది దాటాక ఒక సాయంత్రం మొదటి వాన పడింది. ఎక్కడెక్కడి జలగలూ లేచి వచ్చాయి. మేస్త్రి ఇంకో పదిహేను రోజుల్లో పని ముగించాలని తొందర పెడుతున్నాడు. ఆ వారంలోనే నేను ముట్టయ్యాను.

మా పక్క ముట్టయితే మూడు రోజులు ఇంట్లోకి రాకూడదు. అడవిలో అయినా అంతే. వాగు గట్టున నాలుగు కొమ్మలు పాతి ఆకు కప్పుకుని దూరంగా కూర్చున్నాను. ఇంకో ఆమె కూడు తెచ్చి ఒక రాతి మీద పెట్టి పోయేది. నేను కూర్చున్న చోటికి పదడుగుల్లో ఒక చెట్టు ఉంది. నిటారుగా, బూడిద రంగు మాను. ఆకులు పొడుగ్గా, కొమ్మల కొసల్లో మాత్రమే గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అక్కడక్కడ బెరడు పగిలిన చోట్ల నుంచి నల్లటి చారలు కిందికి దిగి ఉన్నాయి, కాటుక పెట్టుకుని ఏడ్చిన మొహం మాదిరి. ఒక్క సంగతి నాకు వింతగా తోచింది. వాగు వెంబడి అడవి మనుషులు నడిచే బాట ఆ చెట్టు దాకా తిన్నగా వచ్చి, అక్కడ పెద్ద వంపు తిరిగి, చుట్టుకుని పోయి, మళ్ళీ గట్టు పట్టుకునేది.

రెండో రోజు పొద్దున నేను నడుము నొప్పితో లేచి ఆ మానుకు ఆనుకుందామని పోయాను. అవతలి గట్టు నుంచి కేక వినబడింది. చూస్తే అజ్జి. చేతిలో కర్ర ఊపుతూ, గొంతు చించుకుని అరుస్తోంది.

"ముట్టబేడ! ఆ మర ముట్టబేడ! ముట్టిదరె ఉరి, మైయెల్లా ఉరి!"

నేను ఉన్నచోటే నిలబడిపోయాను. అజ్జి వాగు దాటి నా దగ్గరికి రాలేదు. కర్రతో చెట్టును చూపించి, నన్ను చూపించి, మళ్ళీ అదే మాట అరిచి, ఉమ్మేసి వెళ్ళిపోయింది.

ఆ మాటల్లో మూడు నాకు తెలిసినవే. ముట్టు, మర, ఉరి. ముట్టు అంటే నా సంగతే. మర అంటే ఆ చెట్టు. ఉరి అంటే ఉరే. ఎవరో ఆడది ఆ చెట్టుకు ఉరి వేసుకుని ఉంటుంది, ముట్టయినవాళ్ళు దాని దగ్గరికి పోకూడదు, అదీ నాకు అర్థమైంది. బాట ఎందుకు చుట్టు తిరిగిందో కూడా తెలిసిపోయిందనుకున్నాను. వాగు దగ్గర దయ్యాన్ని చూశానన్న ఆమె గుర్తుకొచ్చింది. నా ఆకుల కప్పు పీకి అవతలికి తీసుకుపోయి వేసుకున్నాను. మిగతా రోజున్నర ఆ చెట్టు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. వీపు పెట్టుకుంటే ఇంకా ఎక్కువ భయం వేసింది.

మా ఆయనకు చెప్పలేదు. ముట్టు సంగతి మొగుడితో నోరు తెరిచి మాట్లాడే రోజులు కావవి. దూరం కూర్చుంటే వాళ్ళే చూసి తెలుసుకోవాలి, తెలిసినా తెలియనట్టుండాలి. పైగా ఉరి అన్నానంటే దయ్యం అన్నట్టే, మేస్త్రి లారీ ఎక్కిస్తాడు. అయినా అది ఆడవాళ్ళకు పెట్టిన కట్టడి కదా, మగవాళ్ళకు ఏమవుతుంది అనుకున్నాను.

నాలుగో రోజు తలస్నానం చేసి గుడిసెకు వచ్చేసరికి మేస్త్రి బియ్యానికి కింది ఊరికి బయల్దేరుతున్నాడు. పోతూ పోతూ మా ఆయనతో, "వాగు గట్టు ఈ రోజుకు అయిపోవాల" అని తెలుగులో చెప్పి, ఆ వెంటనే కన్నడంలోకి దిగాడు. "హొలగేరు బిట్టు మిక్కద్దెల్లా కడీరి."

"ఏమంటాడు మామా?" అన్నాను. రోషం పక్కన పెట్టి అడగనే అడిగాను ఆ రోజు.

"హొలగేరు ఇడిసిపెట్టి మిగిలిందంతా కొట్టమంటాండాడు."

"హొలగేరు అంటే?"

"హొల అంటే చేను. గేరు అంటే జీడిమామిడి. ముందటేడు సంతలో గేరుహణ్ణు తింటిని కదా. చేనిగట్టు మీద ఉండే జీడిమామిడి ముట్టుకోవద్దంట. యాడో రైతుదై ఉంటాది."

"ఈ అడవిలో చేను యాడిది మామా?"

"యాడుంటే మనకేమే? మనం కొట్టేతావ లేదు కదా" అని గొడ్డలి భుజాన వేసుకున్నాడు. మాటలన్నీ సరిగ్గానే అర్థం చేసుకున్నాడు మహానుభావుడు. ఆ రెండు మాటలూ కలిస్తే వేరే చెట్టు పేరని మాత్రం తెలియలేదు. జోడీకి ముందు రోజు నుంచి జ్వరం, గుడిసెలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. మా ఆయన ఒక్కడే పోయాడు.

ముందు రోజు మగవాళ్ళు పడేసిన మాను దగ్గర నేను బెరడు ఒలుస్తున్నాను. పొద్దు కొంచెం ఎక్కాక వాగు వైపు నుంచి గొడ్డలి దెబ్బ వినబడింది. రెండు దెబ్బలు విన్నాక ఏ చెట్టో తెలిసిపోయింది. ఆ గట్టున మూడు రోజులు కూర్చున్నదాన్ని కదా, ఏ పక్క నుంచి చప్పుడు వస్తుందో నాకు తెలుసు. నా చేయి ఆగిపోయింది. పోయి చెప్పనా? ఏమని చెప్పను? నేను ముట్టయి ఉంటే అజ్జి ఇట్లా అరిచింది అని చెప్పాలి. ఆయన నవ్వుతాడు, మర సంగతి మాదిరే ఇది కూడా పదిమందికి చెబుతాడు. మగవాడికేం కాదులే అని మళ్ళీ కత్తి పట్టుకున్నాను. అక్కడి నుంచి ఆ చెట్టు దగ్గరికి నూరడుగులు ఉంటుందేమో. మాను సగం తెగేదాకా ఆ దెబ్బలు వింటూనే ఉన్నాను. ఆ నూరడుగులు నేను నడవలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మధ్యాహ్నం కూటికి వచ్చాడు. చొక్కా మీద, చేతుల మీద పాలు చిందినట్టు మరకలు. "భలే కారుతాంది ఈ చెట్టు, గొడ్డలి దిగినప్పుడల్లా మొహాన కొట్టింది" అంటూ తువ్వాలుతో మొహం, కండ్లు గట్టిగా తుడుచుకున్నాడు. ఆ తువ్వాలుకూ అదే అంటి ఉంది. నేను రాగిముద్ద పెట్టాను. ఆయన తింటుంటే ఆ మరకలనే చూస్తున్నాను. తెల్లగా ఉన్నది ఎర్రమట్టి రంగుకు తిరిగింది. చూస్తుండగానే నల్లగా అయింది.

ఆ నలుపు నాకు తెలుసు. పెనుకొండ రైల్వే క్వార్టర్సుకు వచ్చే చాకలామె మా గుడ్డలకు గుర్తు పెట్టేది ఆ నలుపుతోనే. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో నాయన పంచె మూలన రెండు చుక్కలు పెట్టేది. గుడ్డ చిరిగినా ఆ చుక్కలు పోవు. ఒకసారి నేను ఆ గింజ దొంగిలించి పండ్లతో కొరకబోయాను. రసం తగిలిన పెదవి వారం రోజులు బూరెలా పొంగింది. గోరంత గింజ చేసిన పని అది. ఇక్కడ తలెత్తితే కొన కనబడని మాను.

"మామా, ఇది జీడి" అన్నాను.

"జీడిచెట్టు ఇంతుంటాదా యాడన్నా? పిచ్చిదానా, జీడి..." అని నవ్వబోయి ఆగిపోయాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "గేరు" అన్నాడు మెల్లగా. "హొలగేరు."

వాగుకు పరిగెత్తి నీళ్ళతో కడిగాము. కడిగిన కొద్దీ నీళ్ళతో పాటు అది మెడకూ రొమ్ముకూ పాకింది. పొద్దు వాలేసరికి మొహం ఎర్రబడింది. మరుసటి పొద్దున చూస్తే అది మా మామ మొహం కాదు. కండ్లు ఎక్కడున్నాయో తెలియకుండా పొంగి, తోలు తిత్తిలో నీళ్ళు పోసినట్టు నిగనిగలాడుతోంది. చేతుల మీద పొక్కులు పగిలి కారుతున్నాయి. "మంట, మంట" అని తప్ప మాట లేదు. అజ్జి వచ్చింది. తారె అంటారట, మన తాండ్ర, ఆ చెట్టు పట్ట నూరి ఒళ్ళంతా పట్టించింది. పట్టిస్తూ నా వైపు చూసి ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుస్తూ కూర్చున్నాను. మేస్త్రి రెండో రోజు వచ్చి తల బాదుకున్నాడు. అక్కడివాళ్ళు హొలగేరును పచ్చిగా కొట్టరట. ముందు చుట్టూ బెరడు గీరి వదిలేస్తారు, చెట్టు నిలువునా ఎండి రసం ఇంకిపోయాకే గొడ్డలి వేస్తారు. దాని కింద వాన చినుకు ఒంటి మీద పడినా పొక్కుతుందని చుట్టు తిరిగి నడుస్తారు.

బెంగళూరు పెద్దాసుపత్రిలో నలభై రోజులున్నాము. పాత తోలు ఊడి కొత్త తోలు వచ్చింది. కండ్లు విడివడ్డాయి గానీ వాటి మీద తెల్లటి పొర మిగిలింది. మా నాయన ఆశ వదలక ధర్మవరం తీసుకుపోయి రైల్వే డాక్టరుకు చూపించాడు. ఆయన దీపం అటూ ఇటూ తిప్పి చూసి, "వెలుగు తెలుస్తుంది, మనిషి కనబడడు. ఇక ఇంతే" అన్నాడు. తిరుగు రైలులో పెనుకొండ వచ్చేదాకా మా నాయన ఒక్క మాట మాట్లాడలేదు. మా ఆయనే మాట్లాడాడు. "అక్కా బావల ముందర ఎట్ల మొహం పెట్టుకునేది" అన్నాడు. బావ పక్కనే కూర్చుని ఉన్నాడని మరిచిపోయాడు పాపం.

చేను గుత్తకిచ్చి హిందూపురం చేరాము. నేను మండీలో చింతపండుకు గింజ తీసే పనికి కుదిరాను. మిగిలినది ఇంటికి తెచ్చుకుని తీసేదాన్ని. ఆయన వసారాలో కూర్చుని కిత్తనారతో పలుపులు పేనేవాడు. చేతులకు చూపు అక్కరలేదని త్వరగానే నేర్చుకున్నాడు. పలుపులు కొనడానికి వచ్చిన రైతులు, "కండ్లు ఎట్ల పోయినాయప్పా?" అని అడిగేవాళ్ళు. ఆయన ఆ కథను నవ్వులాటగా చెప్పేవాడు.

"నాకు కన్నడం వచ్చు కదప్పా. మేస్త్రి చెప్పింది మాటకు మాట అర్థమయినాది. చెట్టొకటే అర్థం కాలే."

వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నేను కూడా లోపలి నుంచి, "రెండు దిక్కుల కూడు దొరికినాది కదా మామా!" అని ఎత్తిపొడిచేదాన్ని. బియ్యం లేని రోజు, ఒళ్ళు మండిన రోజు, "నీ కన్నడమే కదా నా బతుకు కాల్చింది" అని అరిచిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. తప్పు తనదేనని నమ్మాడు.

నేనూ అట్లాగే నమ్మి ఉందును. పక్క వాటాలో తుమకూరు పక్క నుంచి వచ్చిన కన్నడం వాళ్ళు దిగారు. ఒక పొద్దున ఆమె ముంగిట్లో నీళ్ళు కాస్తోంది. పాకే బిడ్డ పొయ్యి వైపు చేయి చాపాడు. ఆమె ఒక్క గంతున వచ్చి బిడ్డ చేయి పట్టుకుని అరిచింది.

"ముట్టబేడ కందా! ముట్టబేడ! ఉరి!"

చేతిలో చింతపండు చేటలో పడేశాను. కాసేపటికి లేచి పోయి, ఏమీ ఎరగనట్టు, "ముట్టబేడ అంటే ఏమక్కా?" అని అడిగాను.

"ముట్టుకోవద్దు అని."

"ఉరి?"

"మంట."

అంతే. రెండు మాటలు. నా ముట్టుకూ దానికీ సంబంధం లేదు. ఎవరూ ఉరి వేసుకోలేదు. అజ్జి నాతో, తల్లీ ఆ చెట్టు ముట్టుకోవద్దు, ఒళ్ళంతా మంట పుడుతుంది అని చెప్పింది. ఆయనకు చెట్టు పేరు చెప్పారు, చెట్టు చూపలేదు. నాకు చెట్టు చూపించారు, పేరు చెప్పలేదు. ఇద్దరం ఒకే గుడిసెలో పడుకుని లేచాము. నేను నోరు విప్పి ఉంటే ఆయన నవ్వినా నవ్వి ఉండేవాడు, అయినా ఒకసారి ఆ నల్లచారల వైపు చూసి ఉండేవాడు.

ఆ రోజు సిగ్గుతో చెప్పలేదు. ఇప్పుడు తెలిశాక భయంతో చెప్పలేదు. ఎన్నిసార్లు కూర్చున్నానో ఆయన ఎదురుగా, చెబుదామని. ఆ తెల్లటి కండ్లు నా వైపు తిరిగితే లేచిపోయి చింతపండు ముందేసుకునేదాన్ని. అయితే ఎత్తిపొడవడం మాత్రం ఆ రోజు నుంచి మానేశాను. ఆయన దాన్ని గమనించాడు కూడా. "ఏమ్మే, ఈ మధ్య మంచిదానివైపోతివే?" అన్నాడొకసారి.

అరవైల నడుమ ఒక మధ్యాహ్నం ఆ జోడీ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మలెనాడులోనే ఒక కాఫీతోటలో పని చూసుకుని ఉండిపోయాడట. పదేళ్ళ తర్వాత ఇదే రావడం. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. నేను మజ్జిగ కలిపి తెచ్చాను. మాటల్లో అజ్జి ప్రస్తావన వచ్చింది. పోయిన ఏడు చచ్చిపోయిందట.

"ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దబ్బా" అన్నాడు జోడీ. "ఆ అజ్జి కనపడినప్పుడల్లా నన్ను ఇదే అడుగుతాండె. 'నేను ఆ పిల్లకు చెట్టు చూపిచ్చి, ముట్టుకోవద్దని అరిచి చెప్తిని, అది మొగునికి చెప్పలేదా?' అని. చచ్చిపోయేముందర కూడా అడిగినాది. నాకు ఏం చెప్పల్లో తెలియలే."

మజ్జిగ చెంబు నా చేతిలో ఉంది. మా ఆయన పేనుతున్న పలుపు ఆగింది. నారను రెండు వేళ్ళతో అట్లాగే పట్టుకుని ఉన్నాడు. ఆయన మొహం నా వైపు తిరగలేదు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుని నేను నోరు తెరిచాను కూడా.

"చెప్పినాదప్పా" అన్నాడు ఆయన. "ముందు దినమే చెప్పినాది. నేనే ఇనలే. ఆడోళ్ళ మాట అని తోసేస్తి."

"అట్లనా! అదే అనుకుంటి నేను కూడా" అని జోడీ తేలికపడి మజ్జిగ తాగాడు.

జోడీ వెళ్ళిపోయాక వసారాలో మేమిద్దరమే మిగిలాము. అడుగుతాడని చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలింది. "ఏమ్మే, నార ఎండిపోయినాది, ఇంత నీళ్ళు చల్లు" అన్నాడు. చల్లాను. మళ్ళీ పేనుకున్నాడు. ఆ రోజు అడగలేదు, మరునాడు అడగలేదు, ఆ తర్వాత ఎన్నడూ అడగలేదు.

కన్నడం నవ్వులాట మాత్రం అప్పటి నుంచి మాని, కథ మార్చాడు. ఎవరైనా కండ్ల సంగతి అడిగితే, "నా పెండ్లాము చెప్పినాదప్పా, ఆ చెట్టు ముట్టుకోవద్దని. నేనే ఇనలే" అనేవాడు. అది నన్ను కాపాడటానికో, నన్ను కాల్చడానికో ఇప్పటికీ నాకు తెలియదు. వచ్చినవాళ్ళు గడపలో కూర్చుని గింజలు తీస్తున్న నా వైపు మర్యాదగా చూసేవాళ్ళు. "ఆయమ్మ మాట ఇనింటే నీకు కండ్లు ఉండేవి కదప్పా" అనేవాళ్ళు.

"ఉండేవి" అనేవాడు ఆయన.